సగం జీతం సంసారం

మా ఊరు ఐ.పోలవరంలో మా ఇంటికి రెండిళ్ళవతల ఒక పిన్ని ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. అమ్మ ఈడు ఆడవాళ్ళందరూ మాకు పిన్నులే, వాళ్ళ భర్తలు బాబయ్యగార్లే. 1993లో ఒకనాడు ఆ బాబయ్యగారు మామూలుకంటే రెండు గంటల ముందే ఇంటికొచ్చేశారు. కాళ్ళు కడుక్కుని అరుగుమీద కూర్చుని కాఫీ వద్దన్నారు. కాఫీ వద్దన్నారంటేనే ఏదో కొంప మునిగిందని పిన్నికి తెలిసిపోయిందట. ఆయన్ని ఆఫీసులో సస్పెండు చేశారు.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. డిటెక్టివ్ నవలలు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివే వయసు. సస్పెండు చేయడమంటే సస్పెన్సులో పెట్టడం కాబోలు అనుకున్నాను. తర్వాత చూస్తే అందులో పెద్ద తప్పేమీ లేదు. ఆ ఇంట్లో ఆరేళ్ళపాటు నడిచింది సస్పెన్సే. కాకపోతే నవలైతే ఆత్రం పట్టలేనప్పుడు చివరి పేజీ తిప్పి చూసుకోవచ్చు.

"సస్పెండంటే వేలాడదీయడమని అర్థమండీ" అని మా ఇంగ్లీషు మేష్టారు పిన్నికి విడమరిచి చెప్పారు.

"ఆయ్, అంటే ఉట్టిమీద పెట్టారన్నమాట" అంది పిన్ని. "ఉట్టిమీదున్నదాన్ని పిల్లీ ముట్టుకోదు, మన చేతికీ అందదు."

ఇంతకీ ఆయన తప్పు చేశాడా లేదా అని మీరు అడుగుతారు. ఊరూ అదే అడిగింది. ఏదో రిజిస్టరులో లెక్క కలవలేదు, ఆ కాగితం ఎవరెవరి చేతులు మారిందో తేలాలి అన్నారు. తేలడానికి ఆరేళ్ళు పట్టింది. నేను చెప్పబోయేది ఆ తప్పొప్పుల సంగతి కాదు, ఆ ఆరేళ్ళ సంగతి.

ప్రభుత్వం వారి భాషలో విచారణ కోసం చేసే సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ సాఫీగా సాగడానికి మనిషిని కాస్త పక్కన కూర్చోబెట్టడం, అంతే. కూర్చోబెట్టినన్నాళ్ళూ జీవనభృతి అని ఒకటిస్తారు. సుమారుగా సగం జీతం, దానికి తగ్గ కరువుభత్యం. దానికి రెండు షరతులు. నేను మరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి చేయడంలేదని నెలనెలా సర్టిఫికెట్ రాసివ్వాలి. పైవాళ్ళ అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్ళకూడదు. ఆఫీసుకి రాకూడదు, ఊళ్ళోంచి పోకూడదు, ఇంకో పని చేయకూడదు. త్రిశంకుడికైనా స్వర్గం ఒకటి కట్టిపెట్టారు గాని, గుమాస్తాకి కట్టేదెవరు?

ఆ సర్టిఫికెట్ దగ్గర బాబయ్యగారు పడే బాధ చూడాలి. పెరట్లో ఎనిమిది కొబ్బరిచెట్లు ఉండేవి. దింపు తీయించి కాయలమ్మితే అది వ్యాపారమవుతుందా కాదా అన్నది ఆయన ధర్మసందేహం. పిన్ని చీరలకి ఫాల్సు కుట్టడం మొదలెడితే, "మిషను చప్పుడు వీధిలోకి వినపడుతోందే" అని తలుపు మూసేవారు. "సర్టిఫికెట్టు మీది, మిషను నాది" అని పిన్ని తలుపు తీసేసేది. నిజానికి ఆ నిబంధన ఉద్యోగికే గాని ఆయన భార్యకి కాదు. కాని భయానికి నిబంధనల పుస్తకం ఎక్కడ చదువొచ్చును?

ఈ సంగతులన్నీ మరిచిపోయినదాన్నే. మొన్నామధ్య ఒక నవల్లో సస్పెండైన గుమాస్తా పాత్ర రాయవలసివచ్చి, లాయరుగా ఉన్న మా వదినను కాస్త వివరం చెప్పమన్నాను. ఆవిడ ఒక దస్తా తీర్పులు నా ఒళ్ళో పడేసి, "చదువుకో, నీ నవలకన్నా బాగుంటాయి" అంది. మర్యాద సంగతి ఎలా ఉన్నా, మాట మాత్రం నిజం.

అన్నట్టు, మన తెలుగువాళ్ళకి ఈ సంగతి కొత్తదేమీ కాదు. భద్రాచలం తహసీలుదారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని తానీషా గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్ళు అందులో ఉన్నాడని చెప్పుకుంటాం. ఆయన చెరలో కూర్చుని పాడిన పాటలు మనకి మిగిలాయి. ఆ పన్నెండేళ్ళూ ఇంట్లో ఆవిడ పొయ్యిమీద ఏం పెట్టిందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. రాముడూ లక్ష్మణుడూ వచ్చి బాకీ తీర్చారనే కథలో కూడా తానీషాకి ముట్టిన లెక్కే ఉంది గాని, గోపన్నకి రావలసిన జీతం ఊసు లేదు.

ఇంగ్లీషు దొరలు లెక్కల మనుషులు. 1922 జనవరి 1 నుంచి ఫండమెంటల్ రూల్స్ అని అమల్లో పెట్టారు. ప్రభుత్వోద్యోగుల ఇళ్ళల్లో ఎఫ్.ఆర్. అనే రెండక్షరాలు ఎరగని ఇల్లాలు ఉండదు. అందులో 53వది ఈ సస్పెన్షన్ భృతి గురించి. మొదట రాసినప్పుడు జీతంలో నాలుగోవంతుకి మించకూడదన్నారు. వేలాడదీసిన మనిషికి పావు కడుపు చాలనుకున్నారు కాబోలు. స్వరాజ్యం వచ్చాక అది సగం జీతం దాకా పెరిగింది. ఉద్యోగి తప్పు లేకుండా ఆలస్యమైతే, కొన్నాళ్ళు గడిచాక ఆ భృతిని మరో సగం పెంచవచ్చు. ఆలస్యానికి కారణం అతనే అయితే అంత తగ్గించనూవచ్చు. ఎవరివల్ల ఆలస్యమైందో తేల్చేది మళ్ళీ ఆఫీసే.

54వ నిబంధన ఇంకా ముఖ్యం. తీరా నిర్దోషి అని తేలాక గడిచిపోయిన కాలానికి జీతం ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి, ఆ కాలాన్ని డ్యూటీ కింద లెక్కించాలా అన్నది అక్కడుంటుంది. నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని కేసు దీనిమీదే వచ్చింది.

ఆయన పేరు ఎం. గోపాలకృష్ణ నాయుడు. పేరును బట్టి మనవాడే అనుకుంటాను. ఉద్యోగం మధ్యపరగణాలలో, అంటే తర్వాత మధ్యప్రదేశ్ అయిన చోట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మూణ్ణెల్లకి, 1947 నవంబరులో, లంచం కేసు పెట్టి ఆయన్ని సస్పెండు చేశారు. కింది కోర్టు శిక్ష వేసింది. కేసు పెట్టడానికి తీసుకున్న అనుమతే చెల్లదని పైకోర్టు కొట్టేసింది. మళ్ళీ పెట్టారు. ఈసారి దర్యాప్తు చేయవలసిన అధికారి చేయలేదని అదీ పోయింది. పోనీ అక్కడితో వదిలారా అంటే, శాఖాపరమైన విచారణ మొదలెట్టారు. విచారణ చేసిన అధికారి ఇతని తప్పు లేదన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోక మళ్ళీ సంజాయిషీ అడిగింది. చివరికి 1960 డిసెంబరులో, అభియోగాలు రుజువు కాలేదు, ఉద్యోగంలోకి తీసుకుంటున్నాం అన్నారు.

పదమూడేళ్ళు! ఈలోగా 1952లోనే ఆయనకి రిటైరయ్యే వయసు దాటిపోయింది. అంచేత ఏం చేశారంటే, ఒకే ఉత్తర్వులో ఉద్యోగం ఇచ్చి, అదే రోజున రిటైరు చేశారు. కూర్చోమని పీట వేసి, కూర్చునేలోపు విస్తరి తీసేసినట్టు. పదమూడేళ్ళ కాలాన్నీ పింఛను లెక్క వరకు డ్యూటీగా చూస్తారట. జీతం మాత్రం, ఇప్పటిదాకా ఇచ్చిన భృతి తప్ప ఇంకో దమ్మిడీ లేదన్నారు.

ఆయన ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1967లో తీర్పొచ్చింది. ఇలా ఒక మనిషి జీతం తెగ్గొట్టేముందు అతను చెప్పుకునేది వినాలి, వినకుండా రాసిన ఉత్తర్వు చెల్లదు అన్నారు న్యాయమూర్తులు. గొప్ప తీర్పే, ఎందరికో ఉపయోగపడింది. కాని ఆయన మటుకు సస్పెండై ఇరవయ్యేళ్ళు గడిచాక గెలుచుకున్నది డబ్బు కాదు, నోరు విప్పి చెప్పుకునే హక్కు. ఆ డబ్బు సంగతి మళ్ళీ మొదటినుంచి ఆలోచించమని ప్రభుత్వానికే చెప్పారు. ఆయన ఇంట్లో ఎవరెవరున్నారో, ఆ ఇరవయ్యేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు ఆగాయో తీర్పులో ఉండదు. నాకు మాత్రం కాగితం మీద లేనిదే కనిపించింది.

ఆ తర్వాతి కాగితం చదువుతుంటే మా బాబయ్యగారే కళ్ళముందు మెదిలారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఒక అటవీశాఖ రేంజరు. ఆయన ఉండేది రీవాలో, విచారణ పెట్టింది జగదల్‌పూర్‌లో. మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు. జీవనభృతి చేతికివ్వలేదు. దారిఖర్చులు లేవు, రాలేను మొర్రో అని ఆయన రాసుకున్నాడు. రాలేదు గనక మేమే కానిచ్చేస్తాం అని కానిచ్చేసి ఉద్యోగం ఊడగొట్టారు. తిండికి డబ్బివ్వకుండా చేసిన విచారణ విచారణే కాదని 1973లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది.

మా బాబయ్యగారి విచారణ కాకినాడలో. ఇప్పుడంటే బాలయోగి పేరు పెట్టిన వంతెన మీద బస్సులో కునుకు తీసి లేచేసరికి యానాం వచ్చేస్తోంది. అప్పట్లో ఎదుర్లంక రేవులో పంటు కోసం కాచుక్కూర్చోవాలి. గౌతమి పోటుమీదుంటే ఆలస్యం, గాలివేస్తే ఆలస్యం. యానాంలో దిగి కాకినాడ బస్సు పట్టుకోవాలి. తీరా వెళ్తే విచారణాధికారి సెలవనో, సాక్షి రాలేదనో, ఫైలు వేరే సెక్షనులో ఉందనో చెప్పేవారు. మళ్ళీ పంటు. భృతి ఒక్కోసారి మూణ్ణెల్లది కలిపి వచ్చేది, వచ్చేదాకా పచారీకొట్టు శెట్టిగారి దయ. ఆయన వెళ్ళిన ప్రతిసారీ పిన్ని మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తానని మొక్కుకునేది. "నిత్యకల్యాణం జరిగే దేవుడు కదే, నా ఒక్క మొక్కూ ఆయనకో లెక్కా? నాకే లెక్క" అనేది. మొక్కు తీర్చుకోవాలంటే డబ్బు కావాలి మరి.

సగం జీతం తక్కువా అనే అమ్మలక్కలు అప్పుడూ ఉన్నారు. "ఇంట్లో కూర్చోబెట్టి సగం ఇస్తున్నారు, అదృష్టవంతులు" అని ఒకావిడ నీళ్ళ పంపు దగ్గర అంది. పిన్ని బిందె నింపుకుని వచ్చేసింది. ఆ మాటకి జవాబు 1991లోనే వచ్చిందని పాపం ఆవిడకి తెలియదు. ఆరోపణలున్న ఉద్యోగుల ప్రమోషన్ల తగాదా ఒకటి హైదరాబాదులో మొదలై ఢిల్లీ దాకా వెళ్ళింది. జానకిరామన్ కేసంటారు. పనిచేయనప్పుడు జీతమెందుకు అని ప్రభుత్వం వాదించింది. పనిచేస్తానన్నవాణ్ణి మీరే గుమ్మం బయట నిలబెట్టి, తీరా నిర్దోషి అని తేలాక ఆ మాట అనడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో నిబంధన గురించి చెప్తే మీరు నమ్మరు. బొంబాయి సివిల్ సర్వీసు నిబంధనల్లో ఉండేది. కింది కోర్టులో శిక్ష పడి పైకోర్టులో అప్పీలు నడుస్తున్న ఉద్యోగికి జీవనభృతి నెలకి ఒక్క రూపాయి. అవును, అక్షరాలా ఒకే ఒక్క రూపాయి! అప్పీలులో గెలిచేదాకా ఆ రూపాయితో ఇల్లు గడపాలి. భృతి అనే మాటకి అర్థం లేకుండా చేసే ఈ నిబంధన రాజ్యాంగానికే విరుద్ధమని 1983లో కొట్టేశారు. ఆ రూపాయి రాసినాయన ఎప్పుడూ కూరగాయల బజారుకి వెళ్ళి ఉండడు.

మన ఆంధ్రలో ఇంకో చోద్యం జరిగింది. 1976లో హైదరాబాదులో రాష్ట్రోద్యోగుల కోసం పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టారు. సస్పెన్షన్లు, ప్రమోషన్లు, సీనియారిటీ తగాదాలన్నీ హైకోర్టు బదులు అక్కడికే. బాగానే ఉంది. కాని రాజ్యాంగంలో దానికోసం చేర్చిన 371-డి అధికరణంలో ఒక మెలిక ఉంది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రభుత్వం ఖాయపరిస్తేనే, లేదా మూణ్ణెల్లు గడిస్తేనే అమల్లోకి వస్తుంది. ఆలోగా కారణం రాసి ప్రభుత్వం దాన్ని మార్చనూవచ్చు, రద్దు చేయనూవచ్చు. ఉద్యోగి పోట్లాడింది ఎవరితో? ప్రభుత్వంతోనే కదా! తోడికోడలితో తగాదా పెద్దలు తీర్చాక, ఆ తీర్పు నచ్చిందో లేదో ఆ తోడికోడల్నే అడిగినట్టు. పి. సాంబమూర్తి, మరికొందరు వేసిన కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మెలిక తీసేసింది. పదేళ్ళపాటు మాత్రం అది రాజ్యాంగం పేరుతోనే చెల్లింది.

వీళ్ళందరూ మగవాళ్ళే, ఆడవాళ్ళ ఊసే లేదేమని మీకు తోచి ఉంటుంది. నాకూ తోచింది. అప్పుడు దస్తా అడుగున ఒక టీచరమ్మ కనిపించింది. పేరు దీపాలీ గుండు సుర్వసే. మహారాష్ట్ర ఔరంగాబాదులో ఒక ట్రస్టువారి ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం. మునిసిపాలిటీకి కట్టవలసిన పన్ను కోసం సిబ్బంది అంతా తలా నెలకి 1500 రూపాయలు వేసుకోవాలంది యాజమాన్యం. ఈవిడ వేసుకోనంది. అంతే, మెమోల వర్షం. ఒకటా రెండా, 25 మెమోలు! అన్నిటికీ ఓపిగ్గా జవాబులు రాసింది. మనలో పాతిక ఉత్తరాలకి జవాబు రాసే ఓపిక ఎందరికుంది చెప్పండి? 2006 నవంబరులో సస్పెండు చేశారు, విద్యాశాఖాధికారి ఆమోదించకపోయినా పట్టు వదల్లేదు, 2007 జూన్‌లో తీసేశారు. 2009లో స్కూల్ ట్రిబ్యునల్ ఆవిడ పక్షాన తీర్పిచ్చి, ఉద్యోగమూ పాత జీతమూ రెండూ ఇమ్మంది. హైకోర్టు పాత జీతం వద్దంది. 2013 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ జీతం మొత్తం మళ్ళీ ఇప్పించింది.

ఆ తీర్పులో నాకు నచ్చింది ఒకటుంది. అన్యాయంగా ఉద్యోగం పోతే పోయేది ఒక్క మనిషి జీతం కాదనీ, ఇంటిల్లిపాదీ తిండికి తడుముకోవాలనీ, పిల్లల చదువులు దెబ్బతింటాయనీ, చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా చేబదుళ్ళతో బతకాలనీ న్యాయమూర్తులు రాశారు. గోపన్న కాలంనుంచీ ఎవరూ రాయని ఆ పొయ్యి సంగతి ఇన్నాళ్ళకి కోర్టు కాగితంలోకెక్కింది. ఈలోగా వేరే ఉద్యోగం చేసి సంపాదించుకుందని యాజమాన్యం అంటే, అది యాజమాన్యమే రుజువు చేయాలన్నారు. ఉద్యోగం లేదని ఈవిడ చెప్తే చాలు.

ఇక ఫ్యాక్టరీల వాళ్ళకి 1982లో చట్టంలోనే రాశారు, మొదటి తొంభై రోజులు సగం జీతం, ఆపైన ఆలస్యం కార్మికుడిది కాకపోతే ముప్పాతిక. 2020 నాటి కొత్త కోడులోనూ అదే లెక్క. 2015లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, మూణ్ణెల్లలోపు అభియోగపత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగదీయకూడదంది. ఆ తీర్పులో 800 ఏళ్ళనాటి మాగ్నా కార్టా ప్రస్తావన కూడా ఉంది. మా బాబయ్యగారికి అభియోగపత్రం అందింది ఏడాదిన్నరకి.

ఆయన అటూఇటూ తిరుగుతుండగానే 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమ వాళ్ళకి ఆ తేదీ చెప్పనక్కర్లేదు. తెల్లవారేసరికి పెరట్లో ఎనిమిది చెట్లలో ఆరు పడిపోయాయి. సర్టిఫికెట్లో సందేహం తీరిపోయిందని బాబయ్యగారు నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. ఆ ఏడే పిన్ని గొలుసు తాకట్టుకి వెళ్ళింది. పెద్దమ్మాయికి కుదిరిన సంబంధం వాళ్ళు, "విచారణ తేలాక చూద్దామండీ" అని మర్యాదగా తప్పుకున్నారు.

1999లో తేలింది. అభియోగాలు రుజువు కాలేదు, సస్పెన్షన్ కాలమంతా డ్యూటీయే అని ఉత్తర్వొచ్చింది. మా బాబయ్యగారు గోపాలకృష్ణ నాయుడుగారికంటే అదృష్టవంతుడే. మిగతా సగం జీతం బకాయి మొత్తంగా చేతికొచ్చింది. వడ్డీ మాత్రం లేదు. అప్పిచ్చినవాళ్ళు వడ్డీ అడగకుండా ఉంటారా? శెట్టిగారికి, చిట్టీ ఆవిడకి, మేనమామకి పోగా మిగిలినదాంతో గొలుసు విడిపించబోతే, అది అప్పటికే వేలంలో పోయింది. పెద్దమ్మాయి పెళ్ళి మరో రెండేళ్ళకి అయింది. మురమళ్ళ కల్యాణం మాత్రం ఆ నెల్లోనే చేయించేసింది. మేమందరం వెళ్ళాం, పులిహోర ఇంకా గుర్తుంది.

నవల కోసం అడిగితే మొన్న సంక్రాంతికి పిన్ని తన పద్దుల పుస్తకం తీసిచ్చింది. పాలు, బియ్యం, స్కూలు ఫీజు అన్నీ నెలవారీగా ఉన్నాయి. చివరి పేజీలో వేరే పద్దు. ఆయన కాకినాడ విచారణకి వెళ్ళిన తేదీలు, పంటుకి ఇంత, బస్సుకి ఇంత, హోటల్లో కాఫీకి ఇంత. మొత్తం నలభై ఒక్క తేదీలు. కాఫీ తాగని రోజున సున్నా వేసింది. అంతా కూడి, కింద రెండు గీతలు గీసి, పక్కన పెన్సిలుతో "ఇది రాలేదు" అని రాసుకుంది.